పడిశమూ పసిడిమందూ

"పడిశం పది రోగాల పెట్టు" అని మన పెద్దలు ఒక మాట అనేసి ఊరుకున్నారు. వినడానికి తేలికగా ఉన్న ఈ సామెత లోపల, వైద్యశాస్త్రం దాదాపు నూరేళ్ళు తల బద్దలుకొట్టుకున్న చిక్కు ఒకటి దాగి ఉంది. పడిశం తనంతట తాను మనిషిని చంపడం అరుదు. దాని వెనుక నడిచి వచ్చేవి చంపుతాయి. ముందు వచ్చినదానికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు, వెనుక వచ్చినదానికి పనిచేస్తుంది. ఈ రెంటినీ ఒకే గాటకు కట్టి, ముక్కు కారగానే మందులకొట్టుకు వెళ్ళి "మూడురోజుల కోర్సు" అడిగే అలవాటు మనకు ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే దారి లండనుకూ న్యూయార్కుకూ వెళ్ళి, చివరికి మళ్ళీ మన గోదావరి ఒడ్డుకే వచ్చింది. ఆ కథే ఇది.

మా పెద్దాపురంలో మరిడమ్మ తల్లి గుడి ఉందని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆషాఢమాసమంతా జాతర. తొలకరి పడి, ఏటికాలువల్లో కొత్తనీరు వచ్చి, ఊరంతా ముక్కులు చీదుకునే రోజులు కూడా సరిగ్గా అవే. కలరా, మశూచి వంటి మారిరోగాలు ఊరి పొలిమేర దాటి లోపలికి రాకుండా కాచే తల్లులుగా మనవాళ్ళు మరిడమ్మలనూ, మారెమ్మలనూ, పోలేరమ్మలనూ కొలిచారు. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా తోచే విషయమొకటి ఉన్నది. జలుబుకు దేవత లేదు. దానికి ఎవరూ మొక్కుకోలేదు, జాతర చెయ్యలేదు. శొంఠికషాయం, మిరియాల చారు, పసుపు వేసిన ఆవిరి, రెండు పూటల లంఖణం. అంతటితో సరి. అంటే మన పూర్వులకు రోగాల తారతమ్యం బాగానే తెలుసుననుకోవాలి. ఏది తనంతట పోతుందో, ఏది పోదో వాళ్ళు అనుభవంతో వేరుచేసుకున్నారు.

ఆ లెక్క తప్పినది 1918లో. ఆ ఏడు జూన్ నాటికి ఓడల మీదుగా బొంబాయి చేరిన ఇన్‌ఫ్లుయెంజా, యుద్ధం నుండి తిరిగి వస్తున్న సిపాయిలతో పాటు రైలుదారులు పట్టుకుని దేశమంతా పాకింది. మొదటి విడత మామూలు జ్వరంలాగే వచ్చిపోయింది. సెప్టెంబరు తరువాత వచ్చిన రెండో విడతే ప్రాణాలు తీసింది. అప్పటి బ్రిటిషిండియాలోనూ సంస్థానాలలోనూ కలిపి కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాకుండా పోయారని చరిత్రకారులు అంచనా కడతారు. కొందరి లెక్క రెండుకోట్ల దాకా వెళ్తుంది. బొంబాయి, మధ్యపరగణాలతో పోలిస్తే మన మదరాసు రాజధానిలో మరణాలు కొంత తక్కువ. తక్కువ అన్నమాటే గాని లేవని కాదు. 1911 నుండి 1921 వరకు నడిచిన పదేళ్ళలో భారతదేశ జనాభా పెరగకపోగా కాస్త తగ్గింది. జనాభా లెక్కలు తీయడం మొదలైన తరువాత అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే. పసివాళ్ళూ ముసలివాళ్ళూ సరే, ఇరవై నుండి నలభై ఏళ్ళలోపు దుక్కలాంటి మనుషులు నాలుగురోజుల్లో పోయారు.

వాళ్ళను చంపినదేమిటి? నాటి శవపరీక్షలలో భద్రపరచిన ఊపిరితిత్తుల ముక్కలను అమెరికాలో 2008లో మళ్ళీ పరిశీలించారు. ఎక్కువమందిలో కనిపించినది వైరస్ తెరిచిపెట్టిన తలుపులోంచి లోపలికి దూరిన బాక్టీరియా. అంటే న్యుమోనియా. ఫ్లూ వచ్చి, నెమ్మదించి, మనిషి లేచి కూర్చున్నాక జ్వరం తిరగబెట్టి, ఆయాసం వచ్చి పోయినవాళ్ళు అనేకులు. "తిరగబెట్టడం" అన్న మన మాటలో ఉన్న ఎరుక ఎంత గొప్పదో చూడండి. ఈనాటికీ వైద్యుడు యాంటీబయాటిక్ రాయాలా వద్దా అని తేల్చుకోవడానికి అడిగే మొదటి ప్రశ్నలలో అదొకటి.

కానీ 1918లో వైద్యులకు అసలు శత్రువే తెలియదు. 1892లో జర్మనీకి చెందిన రిచర్డ్ ఫైఫర్ ఫ్లూ రోగుల కఫంలో ఒక బాక్టీరియాను చూసి ఇదే కారకమని ప్రకటించాడు. దానికి ఇన్‌ఫ్లుయెంజా పేరే పెట్టారు. పాపం, అది నేరస్థలంలో దొరికిన బాటసారి మాత్రమే. అసలు దొంగ వైరస్. 1933లో లండనులో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అనే ముగ్గురు ఫెరెట్లనే ముంగిసవంటి జంతువుల మీద ప్రయోగాలు చేసి దాన్ని పట్టుకున్నారు. ఆ ఫెరెట్లలో ఒకటి తుమ్మితే పరిశోధకులలో ఒకాయనకే ఫ్లూ పట్టుకున్నదని చెబుతారు. అయినా ఆ బాక్టీరియా పేరు మాత్రం మారలేదు. నేటికీ హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజాయే అంటున్నాం. తప్పు పేరు ఒకసారి అతుక్కుంటే వదలదు.

ఇంతకన్నా విచిత్రమైన సంగతి పెన్సిలిన్‌ది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజుపట్టిన పళ్ళెం కథ బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ 1929లో ఆయన ప్రచురించిన పత్రం శీర్షికను ఎవరూ అంతగా పట్టించుకోరు. ఆ శీర్షికలోనే, ఫైఫర్ బాక్టీరియాను వేరుచేయడానికి ఈ బూజు రసం పనికివస్తుందన్న మాట ఉన్నది! పెన్సిలిన్ ఆ బాక్టీరియాను చంపలేదు, గొంతులోని తక్కినవాటిని చంపుతుంది; కనుక పళ్ళెంలో కలుపు తీసేసి ఆ ఒక్కదాన్నీ పెంచుకోవచ్చునని ఆయన ఆలోచన. ఫ్లూకు కారణమని పొరబాటున అనుకున్న క్రిమిని పెంచి పోషించడానికి పెన్సిలిన్ మొదట అక్కరకు వచ్చిందన్నమాట. జలుబుకు పెన్సిలిన్ అడిగేవాళ్ళకు ఈ ముక్క చెప్పాలని నాకు ఎప్పుడూ సరదా.

ఇక మనవాడి సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. రాజమండ్రిలో కొంత, మదరాసులో కొంత చదువు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టి శస్త్రవైద్యపు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డాడు. కొంతకాలం మదరాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెప్పాడు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే గ్రహణి వ్యాధితో రోజుల తేడాలో పోయారు. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయమూ, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయమూ తోడై అమెరికా ఓడ ఎక్కాడు. సత్యలింగం నాయకర్ రంగూనులో ఓడల వ్యాపారంతో గడించి, ఆ సొమ్మును ఇక్కడి పిల్లల చదువులకు రాసి వెళ్ళిన మహానుభావుడు. కాకినాడకు కూతవేటు దూరంలో ఉన్న మాకు ఆ పేరు వినబడని రోజుండదు. కోరంగి ఓడల డబ్బు హార్వర్డు ప్రయోగశాలకు ఎలా చేరిందో తలచుకుంటే చరిత్ర ఎంత వంకర దారుల్లో నడుస్తుందో తెలుస్తుంది.

హార్వర్డులో ఆయన చేసిన పని, ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరపు కొలత, కండరాల శక్తి మీద పరిశోధనలు వేరే రాయవలసినంత ఉన్నాయి. మన కథకు కావలసినది 1940 తరువాతి సుబ్బారావు. అప్పటికి ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనకు అధిపతి. యుద్ధకాలం. పెన్సిలిన్ అద్భుతంగా పనిచేస్తున్నది గాని అది అన్ని రకాల బాక్టీరియా మీద పనిచెయ్యదు, ఆనాటికి సూదిమందుగానే ఇవ్వాలి. రెండు రకాల బాక్టీరియాల మీదా పనిచేసే, నోటితో మింగదగిన మందు కావాలి. దానికోసం సుబ్బారావు బృందం దేశదేశాల మట్టి తెప్పించింది. విశ్వవిద్యాలయ ఉద్యోగం నుండి విరమించిన, డెబ్భై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ ఆ మట్టిని జల్లెడ పట్టే పనిలో చేరాడు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బార్న్ పొలం నుండి వచ్చిన ఒక మట్టినమూనాలో ఆయనకు కావలసిన జీవి దొరికింది. బంగారు రంగు రసం. అందుకే లాటిన్‌లో పసిడికి ఉన్న మాటను కలిపి ఆ మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు.

మనవాళ్ళు రాసే వ్యాసాలలో తరచు ఆరియోమైసిన్ కనిపెట్టింది సుబ్బారావే అని కనిపిస్తుంది. అది సరికాదు. కనిపెట్టినది డగ్గర్. ఆ వెతుకులాటను తలపెట్టి, మనుషులను చేర్చి, డబ్బు సమకూర్చి, నడిపించినది సుబ్బారావు. తన పేరు పత్రాల మీద వేసుకోవడం ఇష్టం లేని మనిషికి మనం ఇతరుల కిరీటం తెచ్చి పెట్టనక్కరలేదు. ఆయనకు ఉన్నవే చాలు. 1948 జూలైలో న్యూయార్కు విజ్ఞాన పరిషత్తు సమావేశంలో ఆరియోమైసిన్‌ను లోకానికి చూపించారు. మూడు వారాలు తిరక్కుండానే ఆగస్టులో సుబ్బారావు నిద్రలో గుండె ఆగి పోయాడు. వయసు 53. ఆయన అన్నదమ్ములను బలిగొన్న ఆ స్ప్రూకు ఈనాడు ఇచ్చే చికిత్స రెండు మందుల జోడు: ఒకటి ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం, రెండోది ఆరియోమైసిన్ అణువు నుండే రాబట్టిన టెట్రాసైక్లిన్.

ఇప్పుడు పడిశం దగ్గరకు వద్దాం. ఆరియోమైసిన్ వచ్చిన వేళావిశేషం ఎటువంటిదంటే, అది "వైరస్‌ల మీద కూడా" పనిచేస్తున్నట్టు వైద్యులకు నిజంగానే కనిపించింది. చిలుకల నుండి మనుషులకు సోకే ఒక జ్వరానికి అది పనిచేసింది. ఆ జ్వరకారకాన్ని అప్పట్లో పెద్ద వైరస్ అనుకునేవారు. "వైరస్ న్యుమోనియా" అని పిలిచే ఒక మొండి దగ్గుజ్వరానికీ పనిచేసింది. మరి వైరస్ మీద పనిచేసే మాత్ర దొరికితే జలుబు మీద మాత్రం ఎందుకు వెయ్యకూడదు? తర్కం బాగానే ఉంది. మూలంలోనే పొరబాటు. మొదటిది వైరస్ కాదు, క్లమిడియా అనే బాక్టీరియా. ఆ సంగతి స్థిరపడేసరికి 1960లు సగం గడిచాయి. రెండోదానికి కారణం మైకోప్లాస్మా అనే, గోడలేని బాక్టీరియా అని 1962లో తేలింది. అసలైన వైరస్‌ల మీద, అంటే జలుబు మీద, ఈ మందులు పనిచెయ్యవని 1950లలోనే పరీక్షలు చేసి చెప్పారు. అయితే అప్పటికే మాత్ర జనం నోట్లోకి వెళ్ళిపోయింది. పరీక్షల ఫలితం పత్రికల్లో ఉండిపోయింది, మాత్ర రుచి నాలుక మీద నిలిచిపోయింది.

జలుబును పుట్టించే రైనోవైరస్‌లు ఒకటీ రెండూ కావు, నూట అరవైకి పైచిలుకు రకాలు. మొదటిదాన్ని 1956లో పట్టుకున్నారు. బాక్టీరియాకు తనకంటూ ఒక గోడ, లోపల తన సొంత వంటశాల ఉంటాయి. పెన్సిలిన్ ఆ గోడ కట్టనివ్వదు. టెట్రాసైక్లిన్ ఆ వంటశాలలో మాంసకృత్తుల తయారీని ఆపేస్తుంది. వైరస్‌కు గోడా లేదు, వంటశాలా లేదు. మన కణంలో దూరి మన పొయ్యి మీదే వండుకుంటుంది. ఇక యాంటీబయాటిక్ దేన్ని కొట్టాలి?

మరి మందు వేసుకుంటే తగ్గుతోంది కదా అంటారు. మూడో రోజున జలుబు శిఖరానికి చేరుతుంది. విసుగు పుట్టి కొట్టుకు వెళ్ళేదీ ఆ రోజే. మర్నాటి నుండి అది తనంతట దిగడం మొదలవుతుంది. కీర్తి మాత్రకు దక్కుతుంది. మందు వేస్తే వారం, వెయ్యకపోతే ఏడురోజులు అన్న హాస్యం ఇందుకే పుట్టింది. దగ్గు విషయంలో మన ఓపిక ఇంకా తక్కువ. జలుబు వెనుక వచ్చే దగ్గు వారంలో పోతుందని జనం అనుకుంటారు. కొలిచి చూస్తే సగటున రెండున్నర వారాలు ఉంటుంది. కఫం పచ్చగా మారిందంటే బాక్టీరియా చేరిందన్న నమ్మకం కూడా సరికాదు. పోరాటానికి వచ్చిన మన తెల్లకణాలలోని ఒక ఎంజైము రంగు అది.

ఉపశమనానికి మన దగ్గర లేనిదేముంది? 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు గారు అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ పచ్చని సీసా లాభాలతోనే ఆంధ్రపత్రికా, భారతీ నడిచాయి. ముక్కుదిబ్బడ పుణ్యమా అని తెలుగు సాహిత్యం బాగుపడిన ఘట్టం అది. అది జలుబును కుదర్చదు, కుదురుస్తానని అననూ లేదు. హాయిని ఇస్తుంది. జ్వరానికీ ఒళ్ళునొప్పులకూ పారాసిటమాల్, ముక్కుకు ఉప్పునీటి చుక్కలు, గొంతుకు ఉప్పునీటి పుక్కిలింత, ఏడాది దాటిన పిల్లలకు పడుకోబోయే ముందు చెంచాడు తేనె, తాగగలిగినన్ని మిరియాల చారు నీళ్ళు. వీటికి మించినవేవీ నేటికీ పెద్దగా లేవు. ఎన్నో జలుబు మాత్రలలో కలిపే ఫినైలెఫ్రిన్ నోటితో మింగితే ముక్కుదిబ్బడకు పనిచెయ్యదని 2023లో అమెరికా మందుల సంస్థ నిపుణులు ఏకగ్రీవంగా తేల్చారు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. నాలుగేళ్ళలోపు పిల్లలకు జలుబు మందుల మిశ్రమాలు వద్దని మన దేశపు ఔషధ నియంత్రణ సంస్థ కూడా 2023లోనే ఆదేశించింది. ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నెను పసిపిల్లల దగ్గర పెట్టకండి. కాలిన ఒంటి ముందు జలుబెంత!

అయితే యాంటీబయాటిక్ అంటేనే విషమన్నట్టు మాట్లాడేవాళ్ళు ఈ మధ్య తయారయ్యారు. వాళ్ళతోనూ నాకు పేచీయే. 1918లో పోయిన ఆ లక్షలమందిలో ఎందరినో ఒక పెన్సిలిన్ సూది బతికించి ఉండేది. జలుబు పదిరోజులు దాటినా ఏమాత్రం తగ్గకుండా మొహమంతా బరువూ నొప్పీగా ఉంటే. తగ్గినట్టే తగ్గి జ్వరం తిరగబెడితే. ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, ఆయాసం, తుప్పురంగు కఫం వస్తే. పసివాడు ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే, ఇక కషాయాలు కట్టిపెట్టి వైద్యుడి దగ్గరకు పరుగెత్తవలసిందే. న్యుమోనియాకు ఆలస్యం ప్రాణాంతకం. కోరింతదగ్గుకూ, రెండేళ్ళలోపు పిల్లల చెవిపోటులో కొన్నింటికీ కూడా ఈ మందులు అవసరమే.

గొంతునొప్పి మాట ప్రత్యేకంగా చెప్పాలి. దగ్గూ, ముక్కుకారడమూ లేకుండా, జ్వరంతో, మెడగ్రంథులు వాచి, గొంతులో తెల్లని పొక్కులతో పిల్లవాడు మింగలేకపోతుంటే అది స్ట్రెప్టోకాకస్ కావచ్చు. పాశ్చాత్యదేశాలలో దాన్ని చూసీచూడనట్టు వదిలేసినా పెద్దగా ముంచుకొచ్చేది తక్కువ. మన దేశంలో అలా కాదు. వదిలేస్తే కొందరు పిల్లలకు కొద్దివారాల తరువాత కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతింటాయి. ముప్ఫై ఏళ్ళకే గుండె ఆపరేషనుకు వచ్చే ఆడపిల్లల కథలు చాలావరకు ఈ గొంతునొప్పి దగ్గర మొదలైనవే. తొమ్మిది రోజులలోపు మొదలుపెడితే చాలు, పెన్సిలిన్ దాన్ని ఆపగలదు. ఇన్ని దశాబ్దాలు గడిచినా ఈ క్రిమి పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. జలుబుకు కానిచోట వాడి, గొంతుకు కావలసినచోట వాడకపోవడం మన వైచిత్రి.

ఫ్లూకు వైరస్ మందు ఉన్నది, అది వేరు. 2009 మేలో స్వైన్‌ఫ్లూ మన దేశంలో మొదట బయటపడినది హైదరాబాదు విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుడిలో. అప్పుడు మారుమోగిన ఒసెల్టామివిర్ యాంటీబయాటిక్ కాదు. మొదటి రెండురోజుల్లో ఇస్తే దాని ప్రయోజనం ఎక్కువ. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అజిత్రోమైసిన్‌ను బఠాణీల్లా మింగాం. బ్రిటనులో జరిగిన పెద్ద పరీక్షలలో అది కోవిడ్‌కు ఒరగబెట్టిందేమీ లేదని కొద్దినెలల్లోనే తేలిపోయింది. 2023 మార్చిలో భారతీయ వైద్యసంఘం, ఆ రోజుల్లో వ్యాపించిన జ్వరం-దగ్గులకు ఎక్కువగా హెచ్3ఎన్2 ఫ్లూయే కారణమని చెప్పి, యాంటీబయాటిక్స్ రాయవద్దని తన సభ్యులైన వైద్యులకే ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది.

ఈ పసిడిమందు కథలో మా ప్రాంతానికి మరో ముడి ఉంది. 1950లో లెడర్లీలోనే జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు, ఆరియోమైసిన్ తీసేశాక మిగిలిన పిప్పిని కోళ్ళకు మేపితే అవి ఏపుగా పెరుగుతున్నాయని చూశారు. అక్కడి నుండి లోకమంతటా దాణాలో యాంటీబయాటిక్ కలపడం మొదలైంది. కోళ్ళఫారాలకు పేరుపడ్డ అనపర్తి-పెద్దాపురం సీమలో ఉంటూ ఈ సంగతి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. సుబ్బారావు పుట్టిన భీమవరం నేడు రొయ్యల చెరువులకు రాజధాని. యాంటీబయాటిక్ ఆనవాళ్ళున్నాయని మన రొయ్యలను విదేశాలు తిప్పిపంపిన సందర్భాలు పలుమార్లు వచ్చాయి. చివరి ఆయుధంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను పశువులకూ కోళ్ళకూ వాడరాదని కేంద్రం నిషేధించినది 2019లో. 2007లో హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు స్వీడను శాస్త్రజ్ఞులు కొలిచారు. అది రోగి రక్తంలో ఉండవలసినదానికన్నా ఎక్కువ. అలాంటి నీళ్ళలో బతికి బట్టకట్టే బాక్టీరియా ఎటువంటిదై ఉంటుంది? మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా పోయినవారు 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద పన్నెండు లక్షల డెబ్భైవేలమంది అని అంచనా.

2024లో మా కాకినాడ జిల్లాలోనే, తొండంగి మండలంలో సముద్రపు ఒడ్డున, పెన్సిలిన్-జి తయారుచేసే పెద్ద కర్మాగారం ప్రారంభమైంది. ఎన్నో ఏళ్ళుగా ఆ ముడిసరుకును మనం చైనా నుండి తెచ్చుకుంటున్నాం. ఏడాదికి పదిహేనువేల టన్నులు చేయగల సామర్థ్యంతో కట్టారు. అమాక్సిసిలిన్ వంటి మందులకు మూలం ఆ పొడే. ఆషాఢంలో మరిడమ్మ జాతరకు వచ్చి వానకు తడిసి తుమ్ముతూ, మెయిన్‌రోడ్డు మీది మందులకొట్టులో ఎవరైనా ఎర్రగీత ఉన్న ఆ అట్టను చీటీ లేకుండా అడిగితే, అది ఇక తొండంగి నుండి వచ్చినదే కావచ్చు.